కోడ్, బెంచ్ రెండూ అడిగే బ్లడ్ క్యాన్సర్ రీసెర్చ్ పోస్టుకు ఎలా సిద్ధమవ్వాలి?

బెంగళూరు రీసెర్చ్ సంస్థల ప్రకటనల్లో ఒక రకం పోస్టు కనిపిస్తూ ఉంటుంది. ప్రాజెక్టు ల్యుకేమియా మీద. కంప్యుటేషనల్ మోడలింగ్ (జబ్బు తీరును లెక్కలుగా రాసి కంప్యూటర్‌లో నడిపి చూడటం) తెలియాలి, బెంచ్ పని, అంటే సెల్ కల్చర్ (ల్యాబ్‌లో కణాలు పెంచడం), ఫ్లో సైటోమెట్రీ (కణాలను ఒక్కొక్కటిగా లేజర్ ముందు పోనిచ్చి కొలవడం) అనుభవం ఉంటే మంచిది అంటారు. ఎమ్మెస్సీ బయోటెక్ చేసిన అబ్బాయి అది చదివి "నాకు కోడింగ్ రాదు కదా" అనుకుంటాడు. బీటెక్ చేసిన అమ్మాయి "నేను పైపెట్ ముట్టుకోనే లేదు" అనుకుంటుంది. ఇద్దరూ ట్యాబ్ మూసేస్తారు.

రెండూ సమానంగా వచ్చిన మనిషి దాదాపు దొరకడు. ప్రకటన ఇచ్చిన ప్రొఫెసర్‌కీ ఆ సంగతి తెలుసు. ఒకవైపు గట్టి పట్టు, రెండోవైపు మోసపోకుండా ఉండేంత అవగాహన ఉంటే చాలు. అసలు చూసేది మరొకటి ఉంటుంది: మీ మోడల్ ఏం చెబుతోందో చూసి తర్వాతి ప్రయోగాన్ని ఎంచుకోగలరా, ఆ ప్రయోగం కాదంటే మోడల్‌ను పక్కన పెట్టగలరా అని. సిద్ధమవ్వాల్సింది దానికోసమే.

ప్రకటనను నిదానంగా చదవండి

ముందు అది ఏ రకం పోస్టో చూడండి. ప్రాజెక్టు జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలో), రీసెర్చ్ అసోసియేట్, పీహెచ్‌డీ సీటు మూడూ వేర్వేరు. ప్రాజెక్టు జేఆర్ఎఫ్‌గా చేరినంత మాత్రాన పీహెచ్‌డీ రిజిస్ట్రేషన్ వచ్చినట్టు కాదు. చాలామంది ఇక్కడే పొరబడతారు. జేఆర్ఎఫ్‌కు సాధారణంగా నెట్ లేదా గేట్ లాంటి అర్హత, 28 ఏళ్ల వయోపరిమితి, వర్గాలవారీ సడలింపులు ఉంటాయి. రీసెర్చ్ అసోసియేట్‌కు ఎక్కువగా పీహెచ్‌డీ అడుగుతారు.

"తప్పనిసరి" అన్న వరుసలో ఉన్నవి లేకపోతే అప్లై చేసి లాభం లేదు, ఆఫీసు దశలోనే తీసేస్తారు. "ఉంటే మంచిది" అన్న వరుసలో పది ఉన్నా భయపడకండి. అది ప్రొఫెసర్‌గారి కోరికల చిట్టా.

ఒక జబ్బును పూర్తిగా తెలుసుకోండి

బ్లడ్ క్యాన్సర్ అంటే ఒకటి కాదు. అక్యూట్, క్రానిక్ ల్యుకేమియాలు, లింఫోమాలు, మైలోమా అన్నీ ఆ పేరు కిందికే వస్తాయి. అన్నింటి మీదా పైపైన చదవకుండా ఒకదాన్ని పట్టుకోండి. మోడలింగ్ కోసం మొదలుపెట్టేవాళ్లకు నేను చెప్పేది సీఎంఎల్, అంటే క్రానిక్ మైలాయిడ్ ల్యుకేమియా.

కారణం చరిత్రలోనే ఉంది. 1960లో నోవెల్, హంగర్‌ఫోర్డ్ ఈ రోగుల కణాల్లో ఒక పొట్టి క్రోమోజోమ్‌ను గుర్తించారు. ఫిలడెల్ఫియా క్రోమోజోమ్ అంటున్నది దాన్నే. 9వ, 22వ క్రోమోజోమ్‌ల ముక్కలు తారుమారు కావడం వల్ల అది వస్తోందని 1973లో జానెట్ రౌలీ తేల్చారు. ఆ అతుకు దగ్గర పుట్టే బీసీఆర్-ఏబీఎల్ ప్రొటీన్‌ను అడ్డుకునే ఇమాటినిబ్‌కు 2001లో అమెరికాలో అనుమతి వచ్చింది. మన సుప్రీంకోర్టు 2013లో పేటెంట్ నిరాకరించిన గ్లివెక్ ఈ మందే.

ఇక లెక్కల సంగతి. ఊపిరితిత్తుల్లో గడ్డను వారం వారం కోసి చూడలేం. రక్తాన్ని మాత్రం మళ్లీ మళ్లీ తీయవచ్చు. అందుకే ఇమాటినిబ్ వాడుతున్నవాళ్లలో బీసీఆర్-ఏబీఎల్ ఎలా తగ్గుతోందో కాలంతో పాటు గీయగలిగారు. లాగ్ స్కేల్ మీద (ఒక్కో గీతకు పదింతలు మారే కొలబద్ద) గీస్తే ఆ గీత రెండు వాలుల్లో దిగుతుంది, మొదట నిటారుగా, తర్వాత నెమ్మదిగా. 2005లో ఫ్రాంజిస్కా మిషోర్ బృందం వేసిన లెక్క ప్రకారం మొదటి దశలో తగ్గుదల రోజుకు సుమారు 5 శాతం, రెండో దశలో సుమారు 0.8 శాతం. అంటే సగానికి రావడానికి మొదటి దశలో దాదాపు 14 రోజులు, రెండో దశలో దాదాపు 87 రోజులు. కాగితం మీద మీరే చేసి చూడండి: 0.693ను రేటుతో భాగించడమే.

పరిణతి చెందిన కణాలు త్వరగా పోతాయి, వాటిని పుట్టించే ప్రొజెనిటర్ కణాలు నెమ్మదిగా పోతాయి, అట్టడుగున ఉన్న ల్యుకేమియా మూలకణాలను మందు తగ్గించదు అని వాళ్ల వివరణ. అది నిజమైతే ఎన్నేళ్లు వాడినా మందు ఆపగానే జబ్బు తిరగబెట్టాలి. 2006లో ఇంగో రోడర్ బృందం అవే రెండు వాలులను ఇంకోలా వివరించింది. మూలకణాలు నిద్రావస్థకూ విభజనకూ మధ్య మారుతుంటాయి, విభజనలో ఉన్నవాటి మీద మందు పనిచేస్తుంది, కాబట్టి ఏళ్ల తరబడి వాడితే అవి కూడా తగ్గిపోవచ్చు అని. గీత ఒకటే, రెండు మోడళ్లూ దానికి సరిపోతాయి. తేడా తెలిసేది మందు ఆపినప్పుడు ఏమవుతుందన్న దగ్గరే.

2010లో ఫ్రాన్స్ నుంచి ఒక ట్రయల్ ఫలితాలు వచ్చాయి. కనీసం రెండేళ్లు బీసీఆర్-ఏబీఎల్ కనపడనివాళ్లకు ఇమాటినిబ్ ఆపి చూశారు. ఏడాది తర్వాత సుమారు 40 శాతం మందిలో జబ్బు తిరిగి రాలేదు. అందరికీ తిరగబెట్టి తీరుతుందన్న మాట నిలబడలేదు. మిగతా 60 శాతం సంగతి ఏమిటన్న ప్రశ్న మాత్రం అలాగే ఉంది. ఈ పోస్టుల్లో రోజూ చేసే పని చిన్న స్థాయిలో ఇలాంటిదే. మిషోర్, రోడర్ పేపర్లు రెండింటినీ పక్కపక్కన పెట్టుకుని చదవండి. ఏ ఆన్‌లైన్ కోర్సూ ఇంత నేర్పదు.

బయాలజీ వైపు నుంచి వచ్చేవాళ్లకు

పైథాన్ మొత్తం నేర్చుకున్నాక మోడలింగ్ మొదలుపెడదాం అనుకుంటే ఆ రోజు రాదు. ఒక చిన్న ప్రశ్నతో మొదలుపెట్టండి.

కె562 అనే సెల్ లైన్ (ల్యాబ్‌లో ఆగకుండా పెరుగుతూ ఉండే కణాల వరుస) తీసుకోండి. సీఎంఎల్ ముదిరి బ్లాస్ట్ క్రైసిస్ దశలో ఉన్న ఒక రోగి నుంచి వచ్చింది, 1975 నుంచి వాడుకలో ఉంది, బీసీఆర్-ఏబీఎల్ దీనిలో ఉంది. సుమారు 24 గంటలకోసారి రెట్టింపవుతుంది. మిల్లీలీటరుకు లక్ష కణాలు వేస్తే 72 గంటలకు 8 లక్షలు రావాలి. పెరుగుదల రేటు గంటకు 0.693 బై 24, అంటే దాదాపు 0.029. ఇది మీ మొదటి మోడల్. పైథాన్‌లోని సైపై లైబ్రరీలో సాల్వ్-ఐవీపీ ఫంక్షన్‌తో నాలుగైదు లైన్లలో నడుస్తుంది.

ఇప్పుడు మందు వేయండి. మూడు రోజుల తర్వాత కూడా బతికున్న కణాలు లక్షే ఉన్నాయనుకుందాం. "మందు పెరుగుదలను ఆపింది" అని రాసేస్తారు. ఆగండి. కణాలు విభజన మానేసి ఊరికే కూర్చున్నా లక్షే వస్తుంది. గంటకు 0.029 చొప్పున పుడుతూ అదే వేగంతో చస్తున్నా లక్షే వస్తుంది. బతికున్నవాటి లెక్క ఒక్కటే చేతిలో ఉంటే ఈ రెండింటినీ ఏ మోడలూ విడదీయలేదు. ఇవి జబ్బు పరంగా ఒకటి కావు. విభజన మానేసిన కణం మందు తీసేశాక లేచి కూర్చోవచ్చు.

మరి ఏ ప్రయోగం చేయాలి? సీఎఫ్ఎస్ఈ అనే రంగు కణం లోపలి ప్రొటీన్లకు అతుక్కుంటుంది, విభజన జరిగిన ప్రతిసారీ దాని మెరుపు సగమవుతుంది. ఫ్లో సైటోమీటర్‌లో చూస్తే ఎన్నిసార్లు విభజన జరిగిందో తెలుస్తుంది. చావు సంగతి, చస్తున్న కణాలకు అతుక్కునే అనెక్సిన్-వి చెబుతుంది. ఈ రెండు కొలతలూ వస్తే పుట్టుక రేటు, చావు రేటు విడివిడిగా తేలతాయి. ఈ ఒక్క ఉదాహరణను బోర్డు మీద తడబడకుండా వివరించగలిగితే ఇంటర్వ్యూలో సగం గట్టెక్కినట్టే అని నా నమ్మకం.

తర్వాత క్రమంగా, చోటు నిండేకొద్దీ నెమ్మదించే లాజిస్టిక్ పెరుగుదల, కణాలు తక్కువగా ఉన్నప్పుడు యాదృచ్ఛికత కోసం గిలెస్పీ అల్గారిథం, మందుకు లొంగని మ్యుటేషన్లు ముందే ఉన్నాయా తర్వాత వచ్చాయా అన్నదానికి 1943 నాటి లూరియా-డెల్‌బ్రుక్ ఆలోచన. మెషీన్ లెర్నింగ్ దాకా తర్వాత వెళ్లవచ్చు.

కంప్యూటర్, మ్యాథ్స్ వైపు నుంచి వచ్చేవాళ్లకు

మీకు కావాల్సింది డేటా ఎక్కడ అబద్ధం చెబుతుందో తెలియడం. ఎక్సెల్ షీటులో ఒక అంకె రావడానికి వెనక ఒక మనిషి చేయి ఉంటుంది.

కణాలు లెక్కపెట్టడమే తీసుకోండి. కె562 కణాలు మీడియంలో తేలుతూ పెరుగుతాయి, ట్రిప్సిన్ వేసి అడుగు నుంచి ఊడదీసే గొడవ లేదు. ఫ్లాస్క్‌ను బాగా కలిపి కొంచెం తీసి, సమానంగా ట్రైపాన్ బ్లూ కలిపి, కణాలు లెక్కపెట్టే గళ్లున్న హీమోసైటోమీటర్ గాజు పలక కింద వదులుతారు. చచ్చిన కణం నీలంగా, బతికున్నది మెరుస్తూ కనిపిస్తుంది. నాలుగు మూల గళ్లలో 42, 38, 45, 35 వచ్చాయనుకోండి. సగటు 40. రంగు కలపడం వల్ల రెండింతలు పలచబడింది కాబట్టి 80. ఒక్కో గడిలో పట్టేది మిల్లీలీటరులో పదివేలవ వంతు, కాబట్టి దాన్ని పదివేలతో హెచ్చిస్తే మిల్లీలీటరుకు 8 లక్షలు. పైన మోడల్ చెప్పిన అంకె అదే. అయితే లెక్కపెట్టింది 160 కణాలనే అని మర్చిపోవద్దు. 160కి వర్గమూలం 12 చిల్లర, అంటే చేయి ఎంత నిలకడగా ఉన్నా దాదాపు 8 శాతం అటూ ఇటూ ఉంటుంది. ఫ్లాస్క్ సరిగా కలపకపోతే అంతకన్నా ఎక్కువే.

ఇంకో మూడు సంగతులు తెలిసి ఉంటే ల్యాబ్‌వాళ్లు మిమ్మల్ని వేరేగా చూస్తారు. ఒకటి, 96 గుంటల ప్లేటులో చుట్టూ అంచున ఉన్న 36 గుంటలు త్వరగా ఆరిపోతాయి, వాటి అంకెలు తేడాగా వస్తాయి. రెండు, ఒకే ప్లేటులో మూడు గుంటలు మూడు ప్రయోగాలు కావు. వేరే రోజు, వేరే ఫ్లాస్క్‌తో చేస్తేనే ఇంకో ప్రయోగం. ఎన్ ఈక్వల్స్ త్రీ (మూడు ప్రయోగాలు చేశాం) అని రాసే ముందు అడగండి. మూడు, మైకోప్లాస్మా. ఈ బ్యాక్టీరియాకు కణకవచం ఉండదు, పెన్సిలిన్ పనిచేయదు, మామూలు మైక్రోస్కోప్‌లో పట్టుబడదు, మీడియం కూడా మబ్బుగా మారదు. కణాల పెరుగుదల మాత్రం మారిపోతుంది. మీరు రెండు నెలలు కష్టపడి ఫిట్ చేసిన పెరుగుదల రేటు ఆ ఇన్ఫెక్షన్‌ది కావచ్చు. పీసీఆర్ టెస్టు ఎప్పుడు చేశారని ల్యాబ్‌ను అడగడంలో తప్పు లేదు.

చేతితో చేసే అవకాశం ఎలా? బెంగళూరులో జీకేవీకే (వ్యవసాయ విశ్వవిద్యాలయం) క్యాంపస్‌లోని సీ-క్యాంప్ అనే బయోటెక్ కేంద్రం లాంటి చోట్ల టెక్నికల్ వర్క్‌షాపులు జరుగుతాయి, ఫీజు ఉంటుంది. ఖర్చు లేని దారి కావాలంటే మీ ఊరికి దగ్గర్లోని ఫార్మసీ కాలేజీలోనో యూనివర్సిటీలోనో సెల్ కల్చర్ గది ఉన్న టీచర్‌ను పట్టుకుని "మీ డేటా అనాలిసిస్ నేను చేసిపెడతాను, కొన్ని వారాలు పక్కన నిలబడి నేర్చుకోనివ్వండి" అని అడగండి. ఆ బేరానికి ఒప్పుకునేవాళ్లు ఉన్నారు.

రోగుల రక్తంతో పనిచేసే పోస్టైతే హెపటైటిస్-బి టీకా ఇప్పుడే మొదలుపెట్టండి. మామూలు షెడ్యూలు మూడు డోసులు: మొదటిది, నెలకు రెండోది, ఆరో నెలలో మూడోది. చేరిన రోజున గుర్తొస్తే ఆరు నెలలు వెనకబడినట్టే.

చూపించడానికి ఒక చిన్న పని

రెజ్యుమేలో పది టూల్స్ పేర్లు రాయడం కన్నా గిట్‌హబ్‌లో ఒక్క పని పూర్తిగా ఉండటం మేలు. పేపర్లలో అచ్చయిన సీఎంఎల్ గ్రాఫ్ నుంచి అంకెలు తీసి రెండు వాలుల మోడల్ ఫిట్ చేయండి. ఒక్క వాలు మోడల్‌తో పోల్చండి. పారామీటర్లు ఎంత నమ్మకంగా తేలాయో చూపించండి. చివర్లో "దీన్ని తేల్చడానికి నేనైతే ఈ ప్రయోగం చేస్తాను, ఫలితం ఇలా వస్తే నా మోడల్ తప్పు" అని రెండు పేరాలు రాయండి. ఆ రెండు పేరాల కోసమే ఈ కష్టమంతా. జన్యువుల వైపు మొగ్గు ఉంటే టీసీజీఏ అనే క్యాన్సర్ జన్యు డేటాబేస్‌లో 200 మంది ఏఎంఎల్ (అక్యూట్ మైలాయిడ్ ల్యుకేమియా) రోగుల డేటా ఉంది. ఎఫ్ఎల్‌టీ3, ఎన్‌పీఎం1, డీఎన్ఎంటీ3ఏ జన్యువుల్లో మ్యుటేషన్లు ఏవి వేటితో జోడీగా వస్తున్నాయో చూడటం మంచి మొదలు.

ఒక్కటి మాత్రం వద్దు: నెట్‌లో దొరికే రక్తకణాల ఫొటోలతో "ల్యుకేమియాను 99 శాతం కచ్చితంగా గుర్తించే ఏఐ". ఇంటర్వ్యూకి వచ్చే ఫైళ్లలో అది మరీ ఎక్కువైపోయింది. ఒకే రోగి ఫొటోలు ట్రెయినింగ్‌లోనూ టెస్టులోనూ ఉన్నాయా అని ఒక్క ప్రశ్న అడిగితే చాలామంది దగ్గర జవాబు ఉండదు.

బెంగళూరులో ఎక్కడ వెతకాలి

మోడలింగ్ బలంగా ఉన్న చోటు ఐఐఎస్‌సీ. ఎన్‌సీబీఎస్, ఇన్‌స్టెమ్ రెండూ బళ్లారి రోడ్డు మీద జీకేవీకేలో పక్కపక్కనే ఉన్నాయి. జక్కూరులో జేఎన్‌సీఏఎస్ఆర్, ఎలక్ట్రానిక్ సిటీలో ఐబ్యాబ్. ఆసుపత్రుల వైపు చూస్తే కిద్వాయి, సెయింట్ జాన్స్, బొమ్మసంద్రలో నారాయణ హెల్త్ సిటీలోని మజుందార్ షా. చెన్నైకి వెళ్లగలిగితే ఐఐటీ మద్రాస్, అడయార్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ కూడా లిస్టులో పెట్టుకోండి.

సంస్థ పేరు చూసి ఆగిపోకండి. ల్యాబ్ పేజీలో గత నాలుగైదేళ్ల పేపర్లు చూసి, మోడల్, ప్రయోగం ఒకే పేపర్లో ఉన్నాయా, లేక ప్రయోగం ఇంకెవరిదో తెచ్చుకున్నారా గమనించండి. రెండోదైతే మీ బెంచ్ వర్క్ ఎవరి దగ్గర, ఎవరి పర్యవేక్షణలో అన్నది ముందే తేల్చుకోవాలి.

రోగి శాంపిల్ దారి కూడా అడగండి. బోన్ మ్యారో తీసిన కొన్ని గంటల్లో కణాలను వేరు చేయకపోతే నాణ్యత పడిపోతుంది. బొమ్మసంద్ర నుంచి జీకేవీకేకి పెట్టె రావాలంటే సిల్క్ బోర్డు, హెబ్బాళ రెండూ దాటాలి. ఆ టెన్షన్ ఎవరిదో, ఆ రోజు ఇంటికి ఎన్ని గంటలకు వెళ్తారో అక్కడి స్టూడెంట్లు నిజం చెబుతారు.

ఇక్కడ తెలుగు మీకు అదనపు బలం. అనంతపురం, చిత్తూరు జిల్లాల నుంచి వైద్యానికి బెంగళూరు వచ్చేవాళ్లు చాలామంది. పరిశోధనకు రక్తం ఇవ్వడానికి రోగి ఒప్పుకోవాలంటే విషయం వాళ్లకు అర్థమయ్యే భాషలో చెప్పాలి, ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాలు అనేది కూడా అదే. "అమ్మా, ఇది మీ వైద్యం కోసం తీసేది కాదు, పరిశోధన కోసం. ఇవ్వకపోయినా మీ వైద్యం ఆగదు" అని తెలుగులో చెప్పగలిగే మనిషి ల్యాబ్‌కు అక్కరకొస్తాడు. ఈ మాట మీ అప్లికేషన్‌లో రాయండి, సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

మెయిల్

"రెస్పెక్టెడ్ సర్, మీ ల్యాబ్‌లో వేకెన్సీ ఉందా" అన్న మెయిల్‌కు జవాబు రాదు. నాలుగు ముక్కలు చాలు: మీరెవరు, వాళ్ల ఏ పేపర్లో ఏ బొమ్మ చూసి ఏ ప్రశ్న వచ్చింది, మీరు చేసిన చిన్న పని లింకు, ఏ పోస్టుకు ఎప్పటినుంచి చేరగలరు. మీకు రానిది ఒక్క వాక్యంలో సూటిగా రాసేయండి. "సెల్ కల్చర్ స్వయంగా చేయలేదు, చూశాను" అన్నది "వర్కింగ్ నాలెడ్జ్ ఉంది" అన్నదానికన్నా ఎంతో మేలు. జవాబు రాకపోతే రెండు వారాలకు ఒకసారి గుర్తుచేయండి, అంతకుమించి వద్దు.

ఇంటర్వ్యూలో

స్లైడ్లు ఎన్ని ఉన్నా ఎక్కువ ప్రశ్నలు ఒక్క గ్రాఫ్ చుట్టూ తిరుగుతాయి. ఆరు డేటా పాయింట్లకు ఐదు పారామీటర్లు ఎలా ఫిట్ చేశావు? ఈ మోడల్ తప్పని ఏ ఫలితం చూపిస్తుంది? మందు లేని గుంటల్లో కూడా అంతే డీఎంఎస్ఓ (మందును కరిగించే ద్రవం) వేశారా? తెలియకపోతే తెలియదని చెప్పి, తెలుసుకోవాలంటే ఏం చేస్తారో చెప్పండి. బెదిరి ఏదో ఒకటి అల్లితే బయాలజీవాళ్లో మ్యాథ్స్‌వాళ్లో, ప్యానెల్‌లో ఎవరో ఒకరు పట్టేస్తారు.

చివర్లో మీ వంతు వస్తుంది. గ్రాంటు ఎప్పటిదాకా ఉంది, వారంలో బెంచ్ ఎంత, కంప్యూటర్ ఎంత, గైడ్లు ఇద్దరైతే మాట పడనప్పుడు ఎవరి మాట చెల్లుతుంది, పేపర్లో పేర్ల వరుస ఎలా నిర్ణయిస్తారు, ఇవన్నీ మర్యాదగా అడగవచ్చు. ఇద్దరు గైడ్ల ప్రశ్నకు వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుంటే, మీకు జవాబు దొరికినట్టే.

చేరేముందు

2023 జనవరి 1 నుంచి అమలైన కేంద్రం రేట్ల ప్రకారం జేఆర్ఎఫ్‌కు నెలకు రూ. 37,000, ఎస్ఆర్ఎఫ్‌కు (సీనియర్ రీసెర్చ్ ఫెలో) రూ. 42,000, రీసెర్చ్ అసోసియేట్‌కు స్థాయిని బట్టి రూ. 58,000 నుంచి 67,000, దానిపైన నిబంధనల ప్రకారం హెచ్ఆర్ఏ. "మన సుబ్బారావుగారి అబ్బాయి మారతహళ్లిలో ఎంత తెస్తున్నాడో తెలుసా" అన్న మాట ఇంట్లో ఎలాగూ వస్తుంది, ఈ అంకెలు ముందే చెప్పేయండి. పోస్టు తాత్కాలికమే, ప్రాజెక్టుతోనే ముగుస్తుందన్న సంగతి కూడా దాచకండి. మొదటి ఫెలోషిప్ చేతికి రావడానికి నెలలు పట్టడం మామూలే కాబట్టి, రూము అడ్వాన్సుతో పాటు రెండు మూడు నెలల ఖర్చు చేతిలో ఉంచుకుని రండి. ల్యాబ్ జీకేవీకే వైపైతే సహకార నగర్, యెలహంక వైపు రూము చూసుకోండి. చుట్టాలున్నారని మారతహళ్లిలో దిగితే రోజూ ఔటర్ రింగ్ రోడ్డే గతి.

చేతిలో ఉద్యోగం ఉంటే ఆఫర్ లెటర్ రాతపూర్వకంగా వచ్చేదాకా రాజీనామా ఇవ్వవద్దు. చేరిన మొదటి వారంలోనే సెల్ లైన్ మీ చేతికి వస్తే, పని మొదలుపెట్టే ముందు నాలుగైదు వయల్స్ లిక్విడ్ నైట్రోజన్‌లో దాచి, పాసేజ్ నంబరు (కణాలను ఎన్నోసారి కొత్త ఫ్లాస్క్‌లోకి మార్చారో), తేదీ, మైకోప్లాస్మా ఫలితం నోట్‌బుక్‌లో రాయండి. అదే తేదీతో మీ కోడ్ ఫోల్డర్‌కూ పేరు పెట్టండి.